ఒకే వెల్డరు, ఏడు జాబ్‌లు: మనుషుల సమయాన్ని ఎలా పంచాలి?

గాజువాక_ప్లానింగ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో ఇరవై ఇద్దరు పనిచేసే ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో నేను ప్లానింగ్ చూస్తున్నాను. పరవాడ, అచ్యుతాపురం వైపున్న మందుల కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు, పైపు స్పూళ్లు (ముందే అతికి సిద్ధం చేసిన పైపు భాగాలు) చేస్తాము. అప్పుడప్పుడు మైల్డ్ స్టీలు ప్లాట్‌ఫారాలు, పైపు ర్యాకులు కూడా వస్తుంటాయి. ప్రస్తుతం మా చేతిలో ఏడు జాబ్‌లు నడుస్తున్నాయి. నడుస్తున్నాయనడం కన్నా ఏడూ మొదలై ఉన్నాయనడమే నిజం, ఎందుకంటే గత నెలలో డిస్పాచ్ అయినది ఒక్కటే.

ప్రతి సోమవారం ఉదయం ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారుచేస్తాను. ఫలానా ఫిట్టరు ఈ వారం మొదటి జాబ్‌కు 40 శాతం, రెండోదానికి 30 శాతం, నాలుగోదానికి 30 శాతం అని రాసుకుంటాను. అడ్డంగా కూడితే అందరికీ సరిగ్గా నూరు వస్తుంది. బుధవారం మధ్యాహ్నానికి ఆ పట్టికకూ షాపులో జరుగుతున్నదానికీ పొంతన ఉండదు.

పోయిన మంగళవారం సంగతి చెబితే మీకు అర్థమవుతుంది. టిగ్ వెల్డింగ్‌లో (ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే వెల్డింగ్) 6జీ పరీక్ష (వాలుగా బిగించిన పైపును తిప్పకుండా అతికే పరీక్ష) పాసైన వెల్డరు మాకు ఒక్కరే ఉన్నారు. ఆయన ఉదయం ఆరంగుళాల 304ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్పూలుకు రెండు వైపులా మూతలు బిగించి, లోపలి గాలి పోయేదాకా ఆర్గాన్ వదిలి, రూట్ పాస్ (జాయింటు అడుగున వేసే మొదటి వరస) మొదలుపెట్టారు. మూడో వంతు కూడా కాకముందే మరో కంపెనీ ఇంజనీరు కారు గేటు దగ్గర ఆగింది. ముందు వాళ్ల మైల్డ్ స్టీలు పని మీద ఒక మనిషి కనబడాలని మా యజమాని కబురు పంపారు. వెల్డరు టార్చి ఆపి, ఫిల్లరు రాడ్లు మార్చుకొని, స్టెయిన్‌లెస్‌కు వాడే గ్రైండింగ్ చక్రాలను, వైరు బ్రష్షును విడిగా దాచి (ఇనుప రజను అంటితే తర్వాత తుప్పు మచ్చలు తేలతాయి కాబట్టి అవి కలవకూడదు) అటు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. మళ్లీ మూతలు, మళ్లీ ఆర్గాన్, ఆగిన చోట అంచు రుద్దుకొని మళ్లీ మొదలు. నా పట్టికలో మాత్రం ఆ రోజు ఆయన రెండు జాబ్‌లకు చెరి సగం పనిచేసినట్టే ఉంది.

ఇన్ని జాబ్‌ల మధ్య మనుషుల సమయాన్ని పంచడానికి మీరు ఏ పద్ధతి వాడుతున్నారు? ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనమని యజమానికి చెప్పనా, లేక ఇంకొక వెల్డరును తీసుకోమని అడగనా? సంక్రాంతికి ముందు నాలుగు జాబ్‌లు పంపాలి. కనుమనాడు కాకైనా కదలదంటారు గానీ, మా వాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్లకు వెళ్లారంటే ఆ తర్వాత వారం దాకా కదలరు.

మధురవాడ_మిట్ట:

నేను సాఫ్ట్‌వేర్ వైపు మనిషిని. ఆర్గాన్ గురించి నాకేమీ తెలియదు గానీ, అడ్డంగా కూడితే నూరు వచ్చే ఆ పట్టికను మాత్రం నేను రెండేళ్లు నడిపాను. అందులోని లోపం కాగితం మీద లెక్క వేస్తే తప్ప నాకు కనబడలేదు.

ఒకే మనిషి చేయవలసిన మూడు పనులు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కదానికి పది రోజులు పడుతుంది. ఒకటి ముగించి మరొకటి పట్టుకుంటే అవి పదో రోజున, ఇరవయ్యో రోజున, ముప్పయ్యో రోజున పూర్తవుతాయి. అందరినీ సంతోషపెట్టాలని రోజుకొక పని చొప్పున తిప్పితే 28, 29, 30వ రోజుల్లో పూర్తవుతాయి. మారినప్పుడల్లా పోయే సమయాన్ని నేనిక్కడ అసలు లెక్కలోకే తీసుకోలేదు. అయినా మొదటి కస్టమరుకు పద్దెనిమిది రోజులు, రెండో ఆయనకు తొమ్మిది రోజులు నష్టం జరిగింది. మూడో ఆయనకు ఒక్క రోజు కూడా కలిసిరాలేదు. మీరు చెప్పిన మంగళవారంలాంటివి కలిపితే ఆ ముప్పై కాస్తా ముప్పై అయిదో, నలభయ్యో అవుతుంది.

జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం కూడా మీకు పనికివస్తుంది. షాపులో ఉన్న జాబ్‌ల సంఖ్యను నెలకు బయటికి వెళ్లే జాబ్‌ల సంఖ్యతో భాగిస్తే, ఒక జాబ్ సగటున ఎన్ని నెలలు లోపల ఉంటుందో వస్తుంది. మీకు ఏడు ఉన్నాయి, నెలకు ఒకటి వెళ్తోంది. ఇదే ధోరణి కొనసాగితే ఈ రోజు లోపలికి వచ్చిన జాబ్‌కు ఏ తేదీ చెప్పవలసి ఉంటుందో మీరే చూడండి. సాఫ్ట్‌వేర్ కొంటే ఆ భాగహారాన్ని రంగుల్లో చూపిస్తుంది, అంతే.

కంచరపాలెం_రిటైర్డ్:

ఓడల మరమ్మతుల ప్లానింగ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. మధురవాడ మిత్రులు చెప్పిన లెక్క సరైనదే, కానీ దాన్ని ఇరవై ఇద్దరికీ వర్తింపజేయబోతే మీరు అలిసిపోతారు. మీ ప్రశ్నలో ఇరవై ఇద్దరు లేరు, ఒక్కరే ఉన్నారు. ఎలియాహు గోల్డ్‌రాట్ అనే భౌతిక శాస్త్రవేత్త 1980లలో ఈ విషయాన్నే ఒక సిద్ధాంతంగా చెప్పారు గానీ, అంతకు ముందే మా ఫోర్‌మన్లకు ఇది తెలుసు: యార్డులో పొద్దున్నే ఎవరి కోసం ఎక్కువ మంది చేతులు కట్టుకొని నిలబడి ఉన్నారో ఆ మనిషి డైరీయే ప్లాను. మిగతా అందరి పనీ దాని వెనుక నడవాలి.

కాబట్టి వెల్డరుకు మాత్రమే ఒక వరుస రాయండి. ఆయన చేతిలో ఒక జాబ్, దాని వెనుక సిద్ధంగా మరొక జాబ్ ఉంటే చాలు. సిద్ధంగా అంటే డ్రాయింగ్ అప్రూవల్ వచ్చి, ఫిట్-అప్ (అతికే ముందు ముక్కల అమరిక) తనిఖీ పూర్తై, ఫిల్లరు రాడ్డు, ఆర్గాన్ సిలిండరు పక్కన ఉండి, పట్టుకునే హెల్పరు అక్కడే నిలబడి ఉండడం. వీటిలో ఒక్కటి తక్కువైనా ఆ జాబ్ వరుసలోకి రాకూడదు. మూతలు బిగించడం, అంచులు రుద్దడం లాంటివి ఆయన ఎందుకు చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఒక ఫిట్టరు ఆ పని చేసి పెడితే మీకు రోజుకు గంట మిగులుతుంది.

ఇంకొక మాట యజమానులకు రుచించదు. ఆ ఒక్క మనిషిని నూటికి నూరు శాతం నింపకండి. క్యూల గణితంలో అతి సరళమైన లెక్క ప్రకారం, పనులు ఒక క్రమం లేకుండా వచ్చిపడే చోట మనిషి సమయం 80 శాతం నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని, దానికి పట్టే కాలానికి నాలుగు రెట్లు వేచి ఉంటుంది. 90 శాతం నిండితే తొమ్మిది రెట్లు, 95 శాతమైతే పందొమ్మిది రెట్లు. వారంలో ఒక పూట ఖాళీ ఉంచితే, రిపేరు వచ్చిన జాయింటు ఆ పూటలో పడుతుంది. లేకపోతే అది ఇంకొక జాబ్ నెత్తిన పడుతుంది.

రెండో వెల్డరు సంగతి. తీసుకోండి, కానీ ఈ సంక్రాంతి కోసం మాత్రం కాదు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను కలిపితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో రాసిన మాట షాపుకు కూడా సరిపోతుంది: కొత్త మనిషి టెస్ట్ కూపన్ (పరీక్ష కోసం అతికే నమూనా ముక్క) వేయాలి, అది పరీక్షలో నెగ్గాలి, కస్టమరు ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాలి, ఈలోగా ఆయనకు మీ పద్ధతులు చూపించేది మళ్లీ మీ ఉన్న ఒక్క వెల్డరే. తీసుకున్నాక ఆయన చేత వరుసగా టిగ్ చేయించండి. ఆరు నెలలు ఆ ప్రాసెస్‌లో వెల్డింగ్ చేయకపోతే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ తొమ్మిదో సెక్షన్ ప్రకారం అర్హత పోతుంది.

పెదగంట్యాడ_షాపు:

పెద్దలు చెప్పినదంతా బాగుంది, కానీ నేను షాపు యజమానిని కాబట్టి అవతలి పక్షం కూడా చెప్పాలి. ఏడు జాబ్‌లు తెలివితక్కువతనం వల్ల మొదలు కావు. ఆర్డరు మీద వచ్చిన అడ్వాన్సు పాత జాబ్ ప్లేట్ల బాకీకి పోతుంది. తర్వాతి వాయిదా రావాలంటే మెటీరియల్ దిగిందనో, షెల్ (ట్యాంకు గుండ్రటి ఒళ్లు) రోలింగ్ అయిందనో చూపించాలి. ఒక జాబ్ ముట్టుకోకుండా పక్కన పెడితే శనివారం కూలి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి?

అయితే బిల్లు కోసం చూపించవలసిన పనుల్లో చాలావాటికి వెల్డరు అవసరం లేదు. ప్లేటు మార్కింగ్, కటింగ్, రోలింగ్, నాజిళ్లు (ట్యాంకుకు పైపులు కలిపే మూతులు) సిద్ధం చేయడం వేరే వాళ్ల పని. ఏడు జాబ్‌లూ అంతవరకు వెళ్లనివ్వండి, వెల్డరు గడప దగ్గర మాత్రం రెండే నిలబడాలి. మీ యజమాని దగ్గరికి శాతాల పట్టిక తీసుకెళ్లకండి. ఏ వరుసలో పంపితే ఏ తేదీకి ఎంత బిల్లు చేతికొస్తుందో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మేము చదివే భాష అదే.

గాజువాక_ప్లానింగ్ (మూడు వారాల తర్వాత):

అందరికీ కృతజ్ఞతలు. ఆ బిల్లుల కాగితమే పనిచేసింది. వెల్డింగ్ బే గోడకు ఒక తెల్ల బోర్డు కొట్టించాము. దాని మీద రెండు జాబ్ నంబర్లకు మాత్రమే చోటుంది. వరుస మార్చాలంటే శనివారం సాయంత్రం యజమాని, నేను కూర్చుని మార్చాలి. నడి వారంలో ఆయనే ఒకసారి నియమం తప్పారు. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు గానీ, వెల్డరు మధ్యలో ఆపిన జాయింటు ఎదుట మూతలు చేతిలో పట్టుకొని కాసేపు అలాగే నిలబడ్డారు. యజమాని అది చూశారు.

రెండు జాబ్‌లు డిస్పాచ్ అయ్యాయి, మూడోది హైడ్రో టెస్ట్‌కు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) సిద్ధంగా ఉంది. నాలుగోది సంక్రాంతికి రాదని ఆ కస్టమరుకు ముందే చెప్పాము. ఆయన ఫోనులో గట్టిగానే మాట్లాడారు గానీ ఆర్డరు వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. వెల్డింగ్ ముందుకు సాగుతున్నకొద్దీ పూర్తైన జాయింట్లు, లోపలి లోపాలు చూసే ఎక్స్-రే కోసం పోగుపడుతున్నాయి. రేడియేషన్ కారణంగా షాపు ఖాళీ అయ్యాక రాత్రిపూటే తీయాలి, ఆ ఏజెన్సీ వాళ్లు వారానికి రెండు రాత్రులే వస్తారు.

కంచరపాలెం_రిటైర్డ్:

అయితే చేతులు కట్టుకొని నిలబడే చోటు వెల్డరు దగ్గర నుంచి అక్కడికి మారింది. ఇక బోర్డు మీద ముందుగా ఆ రెండు రాత్రులు రాసి, వెల్డరు వరుసను వాటి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ఒక్కో రాత్రికి ఒకే జాబ్ జాయింట్లు పూర్తిగా సిద్ధం కావాలి. రెండు జాబ్‌లవి సగం సగం పెడితే ఏదీ హైడ్రో టెస్ట్‌కు వెళ్లదు. నేను ఖాళీ ఉంచమన్న పూటను ఎక్స్-రే మర్నాటి ఉదయానికి మార్చండి, రిపేర్లు వచ్చేది అప్పుడే.