అప్‌డేట్: కలర్ సార్టర్ మంచి పప్పును కూడా తోసేస్తోందన్న సమస్య తీరింది (పలాస)

కిందటి నెల అడిగాను కదా, మా జీడిపప్పు ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టిన కలర్ సార్టర్ తెల్లటి గుండ్లను (విరగని పప్పును) కూడా మచ్చపప్పులో పడేస్తోందని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మెషీన్‌కి గాలిచ్చే కంప్రెసర్ గాలిలో తేమ చూడమన్నాయన మాటే నిజమైంది. ఈ మెషీన్ కెమెరాతో రంగు చూసి, పనికిరాని పప్పును గాలితో పక్కకి ఊదేస్తుంది, ఆ ఊదే వాల్వులు రెప్పపాటు కన్నా వేగంగా తెరుచుకుని మూసుకోవాలి. మెకానిక్ ఒక వాల్వు విప్పి నా అరచేతిలో పెడితే లోపలంతా నీళ్లూ నూనే కలిసిన జిగురు! ఆ జిగురుకి వాల్వు ఆలస్యంగా మూసుకోవడంతో వెనకొచ్చే మంచి పప్పుకి కూడా గాలి తగులుతోంది. వాల్వులు కడిగించి, ఫిల్టర్ మార్చి, ఎయిర్ డ్రయ్యర్ పెట్టించాం, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ పొద్దున్నే బయటికి వదిలేస్తున్నాం. అంతకుముందు స్టెబిలైజర్ మార్చినా, సెట్టింగులు రీసెట్ చేసినా ఏమీ ఒరగలేదు.

పప్పు ఏరే ఆడవాళ్లని మాన్పించేస్తారా అని ఒకరు అడిగారు. లేదండి. అసలు ఈ తప్పు పట్టిందే మా గ్రేడింగ్ అక్క, తోసేసిన పప్పు గుప్పెడు తీసి "మచ్చేది బాబూ?" అని చూపించింది. డబ్ల్యూ 320 అనే గ్రేడంటే పౌండుకి (సుమారు 454 గ్రాములకి) 300 నుంచి 320 గుండ్లు తూగాలి, ఆ ఆఖరి చూపు ఇప్పటికీ వాళ్లదే.