పంపు మీద 1.2 బదులు 12 పెట్టాను. తప్పు నా ఒక్కదానిదేనా?

ప్రశ్న – ఐసీయూ నర్సు

ఈ వృత్తిలోకి వచ్చి పదకొండేళ్లు దాటిన నాకు 2021లో కోవిడ్ ఐసీయూలో జరిగిన సంగతి ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు. మామూలుగా మా వార్డులో ఒక్కో నర్సుకు ఒకరో ఇద్దరో రోగులు. ఆ రాత్రి నాకు ఐదుగురు. ఒక పెద్దాయనకు రక్తపోటు పడిపోకుండా నిలబెట్టే నోర్‌ఎడ్రినలిన్ సిరంజి అయిపోవచ్చింది. కొత్తది అమర్చి, సిరంజిలోని మందును కొద్దికొద్దిగా ఒంట్లోకి ఎక్కించే పంపు మీద గంటకు 1.2 మిల్లీలీటర్లు పెట్టాలి. 12 పెట్టాను. కళ్లద్దాల లోపలి వైపు ఆవిరి పట్టింది. అంకెలు కనిపించాయి కానీ మధ్యలో చుక్క కనిపించలేదు. రెండు జతల గ్లవుజులు వేసుకుంటే మీట నొక్కుకుందో లేదో వేలికి తెలియదు. పక్క మంచం దగ్గరున్న అమ్మాయి మానిటరు చూసి, "అక్కా, బీపీ ఎందుకలా పెరిగిపోతోంది?" అని అరిచింది. వెంటనే తగ్గించాం. ఆయన కోలుకుని ఇంటికి వెళ్లారు.

ఆ ఏడాది నా పనితీరు నివేదికలో "ఏకాగ్రత లోపించింది" అని రాశారు. అంతకుముందు ఎవరి చేతా ఒక్క మాట పడి ఎరుగను. అదే వార్డులో, అదే ఒత్తిడిలో పొరపాటు చేయని వాళ్లూ ఉన్నారు. మరి లోపం నాలోనే ఉందా?

జవాబు – మత్తు వైద్యుడు

సిస్టర్, అప్పటికి మీరు డ్యూటీ ఎక్కి ఎన్ని గంటలైంది? నిద్ర లేచి ఎన్ని గంటలైంది? మీరు ఆ సంగతే రాయలేదు. పదిహేడు గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి దిగజారుతుందని 1997లోనే నేచర్ పత్రికలో వచ్చింది. తాగి వచ్చిన వైద్యుణ్ణి ఆపరేషన్ గదిలో అడుగు పెట్టనివ్వం. నిద్ర లేనివాణ్ణి మాత్రం పిలిచి మరీ పనిలోకి దించాం. ఆ రోజుల్లో నేనూ అలాగే వెళ్లాను, వెళ్లి ఉండకూడదు.

జవాబు – రిటైరైన హెడ్ నర్సు

డాక్టరుగారు నిద్ర గురించి చెప్పింది నిజమే, కానీ అంతటితో సరిపోదు. నిద్రపోయి వచ్చినా ఆ అద్దాల్లోంచి చుక్క కనబడదమ్మా. మా వార్డులో ఇలాంటిదే ఒకటి జరిగాక, పంపు మార్చినప్పుడల్లా అంకెను పైకి చదవాలని నియమం పెట్టాను: "ఒకటి పాయింట్ రెండు". రెండో మనిషి వచ్చి తెర చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఒక్కో మందుకు గరిష్ఠ పరిమితి ముందే పెట్టుకోగల పంపులున్నాయి. అలాంటిదైతే మీరు నొక్కిన 12ను తీసుకునేదే కాదు. ఆ నివేదిక రాసినవారు ఇవేవీ అడగకుండా మీ ఏకాగ్రతను కొలిచారు. ఆలస్యమైనా సరే, ఎంతమంది రోగులు, ఎన్ని గంటలు అన్నది కాగితం మీద పెట్టి మీ ఫైలులో చేర్చమనండి.

జవాబు – కోవిడ్ వార్డు నర్సు

మీరన్న ఆ పొరపాటు చేయని వాళ్లలో నేనొకణ్ణి. నా నివేదికలో "ఉత్తమం" అని రాశారు. ఆ నెలల్లో నేను రోగులను మంచం నంబరుతోనే పిలిచాను, ఒక్కరి ముఖమూ గుర్తు లేదు. ఒకసారి చనిపోయిన కుర్రాడి సామాను సంచిలో కడుతుంటే అతని ఫోను మోగింది. తెర మీద "అమ్మ" అని ఉంది. సంచి పక్కకు జరిపి తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయాను. ఒత్తిడి మీ చేతిలో బయటపడింది, నాలో ఇలా లోపలికి పోయింది. నాదే మంచి పనితీరని నేను అనుకోవడం లేదు.

ప్రశ్న అడిగిన నర్సు

డాక్టరుగారూ, డ్యూటీలో అది పద్నాలుగో గంట. నా తర్వాత రావలసిన అమ్మాయికి జ్వరం వచ్చింది. ఆ పగలు నేను నిద్రపోలేదు. మేడమ్, మీరు చెప్పిన కాగితం ఈ రాత్రే రాస్తాను.

అన్నా, ఆ అమ్మకు తర్వాత ఎవరైనా ఫోను చేశారా?

కోవిడ్ వార్డు నర్సు

నేనే చేశాను. రెండు గంటల తర్వాత.