పింఛను 60కా, 65కా? మారిషస్ బడ్జెట్ మీద చర్చ

కోరంగి మనవరాలు (వకోవా)

2025 జూన్ 5న ప్రధాని నవీన్ రామ్‌గులామ్ చదివిన 2025-26 బడ్జెట్‌లో వృద్ధాప్య పింఛను వయసును 60 నుంచి 65కి పెంచారు. ఒకేసారి కాదు, ఐదేళ్ళలో మెట్టు మెట్టుగా. ఇప్పటికే తీసుకుంటున్నవాళ్ళకి ఏమీ మారదు. ఇండియా నుంచి చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను: ఈ బడ్జెట్ దాకా ఇక్కడ ఈ పింఛను ఉన్నవాడు, లేనివాడు అని చూడకుండా 60 నిండిన పౌరులందరికీ వచ్చేది. 2025లో నెలకి 15,000 మారిషస్ రూపాయలు. మీ రూపాయల్లో రెట్టింపుకి కొంచెం తక్కువ.

నాకు 54. బడ్జెట్ విన్న రాత్రి లెక్క వేసుకున్నాను. ఐదేళ్ళంటే అరవై నెలలు. అరవై పదిహేను వేలు, 9 లక్షలు. నా దగ్గర్నుంచి 9 లక్షలు తీసుకున్నారు. నవంబర్‌లో మా గుమ్మంలో నిలబడి ఓటడిగినవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. ఇది న్యాయమేనా? మీరంతా ఏమంటారు?

శ్రీకాకుళం నుంచి ఎబేన్

అక్కా, "తీసుకున్నారు" అనే మాట దగ్గరే తప్పుంది. చేతిలో ఉన్నది లాక్కుంటే తీసుకున్నట్టు. ఇంకా రానిది ఆలస్యంగా వస్తే అది వాయిదా. ఆ తేడా చెప్పకుండా 9 లక్షలు అని రాస్తే చదివినవాళ్ళు భయపడిపోతారు.

తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. దేశం అప్పు జీడీపీలో దాదాపు 90 శాతానికి చేరింది. 2025 జనవరిలో రేటింగ్ సంస్థ మూడీస్ మన అప్పుల రేటింగ్ మీద నెగెటివ్ అంచనా ఇచ్చింది. పెట్టుబడికి పనికొచ్చే దేశాల వరసలో ఇప్పుడు మనం ఉన్నది ఆఖరి మెట్టు. అక్కణ్ణుంచి జారితే కొత్త అప్పుకి వడ్డీ పెరుగుతుంది. అప్పుడు 65కి ఇవ్వడం కూడా కష్టమే. ఉద్యోగాల్లో రిటైర్మెంట్ వయసు ఎప్పుడో 65 అయింది. జీతం తీసుకుంటూ ఉండగానే పింఛను కూడా ఎందుకు?

గుడ్‌లాండ్స్ కుర్రాడు

మరి చాగోస్ దీవుల ఒప్పందం డబ్బులొస్తున్నాయిగా? మే 22న బ్రిటన్‌తో సంతకాలయ్యాయి. ఏడాదికి సగటున 10 కోట్ల పౌండ్ల పైనే, 99 ఏళ్ళ పాటు.

శ్రీకాకుళం నుంచి ఎబేన్

తమ్ముడూ, ఆ ఒప్పందం ఇంకా బ్రిటన్ పార్లమెంటు దాటాలి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు రాని డబ్బుని ఇప్పుడే పంచేసుకుంటామా?

రోజ్ హిల్ మాస్టారు

బాబూ, నువ్వు లెక్కలు చెప్పావు. నలభై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పినవాణ్ణి, నేను జరిగింది చెబుతాను.

ఈ పింఛను 1950లో పేదవాళ్ళకి మాత్రమే మొదలైంది. 1958లో అందరికీ చేశారు. అప్పటికి మనకి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా పదేళ్ళుంది. చెరకు తప్ప మరో ఆదాయం లేని దీవి. ఆనాటి దీవి భరించగలిగింది. తర్వాత 2004లో అప్పటి ప్రధాని బెరాంజే ప్రభుత్వం ఆదాయం చూసి ఇస్తామంది. జనం ఒప్పుకోలేదు. 2005లో గెలిచి మళ్ళీ అందరికీ ఇచ్చినవారెవరు? ఇదే నవీన్ రామ్‌గులామ్. అప్పుడు ఖజానా నిండుగా ఏమీ లేదు. మన బట్టలకి మార్కెట్ కాపాడిన ఎగుమతి కోటాలు పోయింది ఆ ఏడాదే. మన చక్కెరకి ఇచ్చే ధర తగ్గిస్తామని యూరప్ తేల్చి చెప్పిందీ ఆ ఏడాదే. అంత గడ్డుకాలంలో వీలైంది ఇప్పుడు ఎందుకు కాదు? 2024 ఎన్నికల తర్వాత బెరాంజేగారు ఆయన పక్కనే ఉపప్రధాని అయ్యారు. నాకు ఈ ఒక్కదానికి జవాబు కావాలి.

శ్రీకాకుళం నుంచి ఎబేన్

మాస్టారూ, 2005లో పింఛను ఎంత, ఇప్పుడెంత? 2019 ఎన్నికల ముందు అప్పటి ప్రభుత్వం 13,500 చేస్తామని మాటిచ్చింది. ఆ ఏడాది చివర్లో 9,000 అయింది, 2025కి 15,000. ప్రతి ఎన్నికకీ వేలంపాటే. ఇంకోవైపు ఒక్కో తల్లికి సగటున ఒకటిన్నర మంది పిల్లలు కూడా పుట్టడం లేదు. పుట్టినవాళ్ళు కెనడా, ఫ్రాన్స్ పోతున్నారు. ఆ పన్ను కట్టేదెవరు?

గుడ్‌లాండ్స్ కుర్రాడు

నేనూ కాగితాలు పెట్టాను. నాకు 24. నేను కట్టి, నాకు 65కి కూడా వస్తుందన్న నమ్మకం లేదు.

రోజ్ హిల్ మాస్టారు

జననాల సంగతి నేనడగలేదు బాబూ. 2005 సంగతి అడిగాను.

మహేబూర్ కోడలు

నేను విశాఖ అమ్మాయిని, పెళ్ళై ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. మా అత్తగారి గురించి చెబుతాను.

ఆవిడ ఎక్కడా ఉద్యోగం చెయ్యలేదు. నలుగురు పిల్లలు, మంచంపట్టిన మామగారి తల్లి, ఇంటి వెనక కూరగాయల మడి. 60 నిండిన తర్వాత మొదటిసారి పింఛను తెచ్చుకోవడానికి పోస్టాఫీసుకి నేనే తోడెళ్ళాను. ఉగాదికి కట్టుకునే చీర కట్టుకున్నారు. కౌంటర్ దగ్గర నోట్లు చేతిలో పెడితే అక్కడే నిలబడి రెండుసార్లు లెక్కపెట్టారు. వెనకున్నవాళ్ళు తొందరపెడుతున్నా కదల్లేదు. బయటికొచ్చి దాల్ పూరీ బండి దగ్గర నాకొకటి, ఆవిడకొకటి కొన్నారు. డబ్బులు నేనివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఇవాళ నాది" అన్నారు. అప్పటిదాకా ఆవిడ మామయ్యగారి చొక్కా జేబులోంచి తప్ప డబ్బు తీసి ఎరగరు.

శ్రీకాకుళం నుంచి ఎబేన్

చదివి కళ్ళు చెమ్మగిల్లాయి వదినా. కానీ దేశం బడ్జెట్ ఒక్క ఇంటిని చూసి వెయ్యరు కదా. మా ఊళ్ళో మా అమ్మకి నెలకి 4,000 వస్తుంది. ఒకటో తారీఖున సచివాలయం మనిషి ఇంటికొచ్చి ఇచ్చి వెళ్తాడు. ఊళ్ళో షావుకారుకి రాదు, రాకూడదు కూడా. ఇక్కడేమో సముద్రం ఒడ్డున బంగళా ఉన్నవాడికీ అదే 15,000. ఈ బడ్జెట్‌లో ఏడాదికి 1.2 కోట్లు దాటిన ఆదాయం మీద అదనంగా 15 శాతం వేశారు. బావుంది. మరి ఒక చేత్తో వాడి దగ్గర తీసుకుని ఇంకో చేత్తో వాడికే పింఛను ఇవ్వడం దేనికి? జనం గొడవ చేశాక 60 దాటిన అల్పాదాయం వాళ్ళకి నెలకి 10,000 ఇస్తామన్నారు. అక్కకి అది వస్తుంది. ఇక 9 లక్షల లెక్క ఎక్కడిది?

కోరంగి మనవరాలు (వకోవా)

ఆ 10,000కి ఫారం నింపాలి. నేను బీదదాన్నని రాసిచ్చి సంతకం పెట్టాలి. మా ఆయన జీతం చూస్తారా, నాది మాత్రమే చూస్తారా? ఆయన జీతం చూసి కాదంటే నేనేం చెయ్యాలి, ఈ వయసులో వెళ్ళి ఆయన్ని అడగాలా? 15,000కి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, వయసు చాలు.

9 లక్షల మాట మీద నిలబడే ఉన్నాను.

శ్రీకాకుళం నుంచి ఎబేన్

ఉన్నమాట అంటే కోపగించుకోకండి. పింఛను నిధికి చందా కట్టనివాళ్ళకి కట్టేవాళ్ళ డబ్బు ఇస్తే దాన్ని పింఛను అనరు, దానం అంటారు. దానం ఇచ్చేవాడు ఎప్పుడివ్వాలో వాడే చెబుతాడు.

ఫ్లాక్ రైతు

ఈ మాట మాత్రం నువ్వు అనకుండా ఉండాల్సింది.

కోరంగి మనవరాలు (వకోవా)

దానమా?

నా తెలుగు సాయంత్రం బడిలో నేర్చుకున్న తెలుగు, తప్పులుంటే మాస్టారు దిద్దుతారు. కానీ ఆ మాటకి అర్థం నాకు బాగా తెలుసు.

1988లో, పదిహేడేళ్ళకి, బట్టల ఫ్యాక్టరీలో చేరాను. పొద్దున ఆరున్నరకి బస్సు. కాలర్ కుట్టడం నా పని, గంటకి ఇన్ని అని గోడ మీద రాసి ఉండేది. యూరప్ ఆర్డర్ వచ్చిందంటే రాత్రి పదింటి దాకా. డాలర్లు, ఫ్రాంకులు తెచ్చింది ఆ కాలర్లే. "మారిషస్ అద్భుతం" అని బయటివాళ్ళు రాస్తే చదివి మా సూపర్‌వైజర్ మురిసిపోయేవాడు. 2005లో కోటాలు పోయాయి. ఒక శుక్రవారం గేటు దగ్గర కాగితం అతికించారు. నా మిషను మీద నేను కట్టుకున్న ఎర్ర గుడ్డ కూడా తీసుకోనివ్వలేదు. అప్పట్నుంచి ఇరవై ఏళ్ళు ఇళ్ళల్లో పని. నెలాఖరున నోట్లు చేతిలో పెడతారు. చందా కడతామని ఏ ఇంటివాళ్ళూ అనలేదు, అడిగితే రేపట్నుంచి రావద్దన్నారు ఒకరు. ఆ చందా నేను ఎగ్గొట్టానా, వాళ్ళు ఎగ్గొట్టారా?

మా అమ్మ నడుముకి గోనె పట్టా కట్టుకుని చెరకు తోటలో కలుపు తీసింది. ఆకులు కోసి కోసి ఆమె ముంజేతులు గీతల కాగితంలా ఉండేవి. ఆ చెరకు మీదే ఈ దేశం బతికింది. ఇవ్వాల్సింది మాకు. ఇచ్చేవాడు దాత కాదు, బాకీ ఉన్నవాడు.

మహేబూర్ కోడలు

అక్కా 🙏

శ్రీకాకుళం నుంచి ఎబేన్

సరే, నా బాధ కూడా వినండి. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

నా జీతం యాభై వేలు దాటింది కాబట్టి అందులో 3 శాతం సీఎస్‌జీ అనే సామాజిక చందా కింద పోతుంది. కంపెనీ 6 శాతం కడుతుంది. 2020లో పాత పింఛను నిధి తీసేసి ఇది తెచ్చారు. ఈ డబ్బు నా పేరు మీద ఎక్కడా జమ కాదు, ఖజానాలో కలిసిపోతుంది. నాలాంటి విదేశీయుడికి ఆ పింఛను రావాలంటే 40 నిండాక 15 ఏళ్ళు ఇక్కడే ఉండాలి. పర్మిట్ ఎప్పుడు ఆపేస్తారో మాకే తెలీదు. మా పాప ఇక్కడే పుట్టింది, మీ అందరికంటే బాగా ఇక్కడి భాష క్రియోల్ మాట్లాడుతుంది. అయినా పౌరురాలు కాదు. క్రితం నెల బళ్ళో "మీ దేశం ఎక్కడ" అని అడిగారట. ఇంటికొచ్చి నన్నడిగింది.

మీరంతా "అందరికీ" అంటారు. ఆ అందరిలో నేను లేను, కట్టడానికి మాత్రం ఉన్నాను. అందుకే కట్టినవాళ్ళకే అంటున్నాను. అలాగైతే కనీసం నేను లెక్కలోకి వస్తాను.

ఫ్లాక్ రైతు

ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదయ్యా.

రోజ్ హిల్ మాస్టారు

బాబూ, నీ బాధ నిజం. మా ముత్తాత కూలి ఒప్పందం మీద కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చాడు, అందుకే మమ్మల్ని ఇప్పటికీ కోరంగీలంటారు. ఆయన పేరు పక్కన ఒక నంబరు ఉండేది. ఆ కాగితం మా ఇంట్లో ఇంకా ఉంది. ఆయన కూడా ఒప్పందం ముగిశాక ఏమవుతుందో తెలియకే బతికాడు.

కోరంగి మనవరాలు (వకోవా)

తమ్ముడూ, 1834లో మొదలైన కూలీ ఓడలవాళ్ళు "అందరికీ" అనే మాటలో చేరడానికి 1958 దాకా పట్టింది. నీకు అన్నేళ్ళు పట్టకూడదు. నీ పాపని లెక్కలో చేర్చమని అడుగు, నేనూ నీతో వస్తాను. కానీ నన్ను లెక్కలోంచి తీసేస్తే నీ పాపకి చోటు దొరుకుతుందా?

శ్రీకాకుళం నుంచి ఎబేన్

దానం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. అది నోరు జారడం కాదు, కోపంలో కావాలనే అన్నాను. తప్పు. 65 మాట మాత్రం తీసుకోను. 90 శాతం అప్పు అలాగే ఉంది.

మీ ఫ్యాక్టరీ రోజుల పదిహేడేళ్ళ చందా పాత పింఛను నిధిలో ఉండాలి. ఆ కాగితాలు దాచారా?

కోరంగి మనవరాలు (వకోవా)

బిస్కెట్ల రేకు డబ్బాలో ఉన్నాయి. కొన్ని జీతం చీటీలు, ఒక కార్డు. అంకెలు చెరిగిపోయాయి.

శ్రీకాకుళం నుంచి ఎబేన్

ఫోటోలు తీసి పంపండి. శనివారం కూర్చుని చూస్తాను. ఏ ఏడాది చందా పడిందో, ఏది పడలేదో రాసి ఇస్తాను, అది పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళండి. ఆ 10,000 ఫారంలో భర్త జీతం అడుగుతారో లేదో కూడా అక్కడే కనుక్కోండి, అడిగితే నేనూ మీ పక్షమే.

రోజ్ హిల్ మాస్టారు

నేనూ తోడు వస్తాను అమ్మా, బస్సు నాకు ఉచితమే. 2005 ప్రశ్నకి మాత్రం ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.