గాంధీ ఆసుపత్రి గేటు దగ్గర అన్నం పొట్లాలు: స్టిక్కర్ ఉండాలా, వద్దా?

బోయిగూడ తమ్ముడు: అందరికీ వందనాలు. మా సంఘం యూత్ నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక గాంధీ ఆసుపత్రి ముందు రోగుల వెంట వచ్చినవాళ్లకి పప్పన్నం పొట్లాలు పంచుతున్నాం. ఒక్కో దాని మీద బైబిల్ వాక్యం స్టిక్కర్, కింద సంఘం పేరు. పోయిన వారం ఒకరు ‘ఈ స్టిక్కర్ అవసరమా’ అన్నారు, మీటింగ్ అక్కడే ఆగిపోయింది. మనం చేసే మంచిలో దేవుని కృప జనానికి కనబడాలంటే ఆయన పేరు చెప్పి తీరాలా?

రిటైర్డ్ సంఘపెద్ద: ఇందులో అనుమానం ఎందుకు బాబూ? మత్తయి 5:16 చదువు. మన సత్క్రియలు చూసి జనం తండ్రిని మహిమపరచాలి అన్నారు ప్రభువు. పేరు లేకుండా పంచితే ఆ మహిమ ఎవరికి పోతుంది? ఎలక్షన్ ముందు కార్పొరేటర్లూ పంచుతారు అన్నం.

మౌలాలి అక్క: అంకుల్, ఒక్క పేజీ తిప్పండి, 6వ అధ్యాయం. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియొద్దన్నదీ ఆయనే. పైగా తిన్నాక ఆ పొట్లాలు ఎక్కడ పడుతున్నాయో చూశారా? మెట్రో పిల్లర్ల కింద. వాక్యం చెప్పుల కింద నలుగుతోంది.

అమీర్‌పేట హాస్టల్: పప్పుతో పాటు పచ్చడి వేస్తున్నారా లేదా?

రిటైర్డ్ సంఘపెద్ద: చెత్తబుట్ట పెడితే తీరే దానికి వాక్యమే తీసేస్తారా? 6వ అధ్యాయం మనుషుల మెప్పు కోసం చేసేవాళ్ల గురించి. డిచ్‌పల్లిలో మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసాని 1915లో కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెట్టింది. ఎవరూ ముట్టుకోని చేతులకు కట్లు కట్టించింది. ఎవరి పేరున చేసిందో దాచుకోలేదే!

మౌలాలి అక్క: ఆ ఆసుపత్రికి పెద్ద మొత్తం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ గారు హిందువు. ఆయన డబ్బులో కృప కనబడలేదా మీకు? దానికి ఏ స్టిక్కర్ వేస్తారు?

రిటైర్డ్ సంఘపెద్ద: మీకు సాక్ష్యం చెప్పడమంటే సిగ్గు. అది ఒప్పుకోండి, చాలు.

మౌలాలి అక్క: సిగ్గు సంగతి నాకు చెప్పకండి. 2020 లాక్‌డౌన్‌లో మా ఆయన ఆటో రెండు నెలలు కదల్లేదు. ఒక సంఘం వాళ్లు బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్ తెచ్చారు. బ్యానర్ ముందు నిలబెట్టి, ‘మాస్కు కొంచెం దించండమ్మా, మొహం కనబడట్లేదు’ అన్నారు. ఆ ఫోటో తిరిగి తిరిగి మా వాడి క్లాస్ గ్రూపులోకి వచ్చింది. వాడు వారం రోజులు ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆన్ చేయలేదు. బియ్యం మంచివే, తిన్నాం. బ్యానర్ మీద ఏ వాక్యం ఉందో మాత్రం నాకు గుర్తులేదు.

తార్నాక: మా కాలనీలో కూడా ఇదే కథ అక్కా.

రిటైర్డ్ సంఘపెద్ద: అది తప్పే అమ్మా. కానీ నా మాటా వినండి. మెదక్ చర్చి గుడి కట్టేటప్పుడు మా తాత రాళ్లు మోశాడు. కరువు రోజులు. దాన్ని కట్టించిన మిషనరీ పోస్నెట్ దొర పని ఇచ్చి తిండి పెట్టాడు. 1924 క్రిస్మస్ రోజు గుడి ప్రతిష్ఠ అయింది. వందేళ్లు దాటినా మా ఊళ్లో మమ్మల్ని ‘అన్నం కోసం మారినోళ్లు’ అనే అంటారు. మా తాత ఊరికే తినలేదు, చెమటోడ్చి తిన్నాడు. ఇప్పుడు పేరు దాచి పంచితే, వాళ్లు అన్నదే నిజమని ఒప్పుకున్నట్టు కాదా?

మౌలాలి అక్క: అయితే ఈ స్టిక్కర్ రోగి కోసం కాదు, మీ ఊరివాళ్లకి జవాబు. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. రోమా 4:4 ప్రకారం పని చేసినవాడికి వచ్చేది కూలి. అది బాకీ, కృప కాదు. ఊరికే తిన్నా తప్పు లేదు అంకుల్. కృప అంటే అదే కదా.

రిటైర్డ్ సంఘపెద్ద: మరి మీకు బియ్యం ఊరికేగా ఇచ్చారు. అదీ కృపే అయితే ఆరేళ్లైనా ఎందుకు మండుతోంది?

మౌలాలి అక్క: ఊరికే ఇవ్వలేదు. మొహం తీసుకుని ఇచ్చారు.

తార్నాక: 🙏

బోయిగూడ తమ్ముడు: ఇదంతా రాత్రి యూత్ గ్రూపులో చదివి వినిపించాను. పంచేటప్పుడు ఫోన్లు బయటికి తీయకూడదు, దానికి అందరూ ఒప్పుకున్నారు. స్టిక్కర్ సంగతే తేలలేదు. ఇంకా 2,000 ప్రింట్ అయి స్టోర్ రూమ్‌లో ఉన్నాయి, పాస్టర్ గారేమో ఊళ్లో లేరు.

రిటైర్డ్ సంఘపెద్ద: ఆ 2,000 నా పెన్షన్‌తో వేయించినవి. వద్దనుకుంటే ముందే ఒక మాట చెప్పాల్సింది.

బోయిగూడ తమ్ముడు: అంకుల్! మీది మా సంఘమేనా?