సిల్వర్ (అల్యూమినియం) గుండిగకి అతుకు పడట్లేదు, ఎక్కడ తప్పు చేశాను?

రాజాం నుంచి:
పదిహేనేళ్ళ నుంచి గేట్లు, గ్రిల్స్ చేస్తున్నాను. మొన్న పెళ్ళిళ్ళకి వండే పెద్దాయన ఒకరు చెవి ఊడి, రివిట్ దగ్గర చిరిగిన సిల్వర్ గుండిగ తెచ్చారు. ఆర్క్‌తో కొడితే పడలేదు. గ్యాస్ పెట్టి, ఎర్రబడ్డాక రాడ్ పెడదామని చూస్తూ ఉంటే ఉన్నట్టుండి అంచు జారిపోయి అరచేయంత కన్నం పడింది. టంకం పెడితే పూసలా దొర్లిపోయింది. ఆయనకి అదే బతుకుతెరువు, మళ్ళీ ముహూర్తాలు దగ్గర పడ్డాయి, నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏటి తప్పు చేశాను? గ్యాస్ కట్టర్‌తో కన్నం చుట్టూ కోసి మాసిక వెయ్యచ్చా?

విజయనగరం, టిగ్ పని:
అన్నా, ఎర్రబడుతుందని చూడడమే దెబ్బ తీసింది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర, రంగు మారకుండానే కరిగిపోతుంది. పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది చూడు, అది కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి, అందుకే పై తోలు అలాగే ఉండి లోపల నీళ్ళైపోతుంది. టంకం అంటుకోకపోవడానికీ ఆ పొరే కారణం, గీకేసినా గాలి తగిలితే వెంటనే మళ్ళీ కట్టేస్తుంది.
దీనికి టిగ్ మెషిన్ (గ్యాస్ కప్పుతూ ఆర్క్‌తో అతికేది) ఏసీ కరెంట్‌లో పెట్టి, ప్యూర్ ఆర్గాన్ గ్యాస్‌తో, 4043 అనే అల్యూమినియం రాడ్‌తో చెయ్యాలి. ఏసీలో ఒక సగం ఆ పొరని చెదరగొడుతుంది, రెండో సగం కరిగిస్తుంది. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడిచి, ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ బ్రష్ పెట్టు, అది ఇనుము మీద ఎప్పుడూ వాడనిదై ఉండాలి. ఏళ్ళ తరబడి నూనె పట్టిన గుండిగ కదా, జిడ్డు మిగిలితే అతుకు నిండా బుడగలే. క్లోరిన్ ఉండే క్లీనర్లతో మాత్రం తుడవద్దు, ఆర్క్ తగిలితే ప్రాణం తీసే గ్యాస్ వస్తుంది.

బుడితి వైపు నుంచి:
మా తాతది ఇత్తడి పని, ఆయన దగ్గర నేర్చిన చెయ్యి నాకు అల్యూమినియం దగ్గర పనికిరాలేదు, ఎందుకంటే ఇత్తడి వేడి ఎంతెక్కిందో కంటికి తెలుస్తుంది. గ్యాస్‌తోనే చెయ్యాలంటే 4047 అనే అల్యూమినియం రాడ్, దాని ఫ్లక్స్ (ఆ ఆక్సైడ్ పొరని తీసేసే మందు) తెచ్చుకో. రంగు చూడకు, ఫ్లక్స్‌ని చూడు, తెల్లగా ఉన్నది కరిగి నీళ్ళలా తేటపడిందంటే రాడ్ పెట్టే సమయం వచ్చిందన్నమాట. వేడి చుట్టూ పారిపోతుంది కాబట్టి ముందు గిన్నంతా కాస్త కాచుకోవాలి. అయ్యాక వేడినీళ్ళతో బాగా కడుగు, ఫ్లక్స్ మిగిలితే లోహాన్ని తినేస్తుంది. ఇంకో మాట, తక్కువ వేడికే కరిగే జింక్ రాడ్లు దొరుకుతాయి, వంట గిన్నెకి అవి వద్దు, పదిమంది తినేది.

బొబ్బిలి నుంచి, కటింగ్ గురించి:
గ్యాస్ కట్టర్‌తో తెగదు. ఇనుము ఆక్సిజన్‌లో కాలుతుంది, వచ్చిన చిట్టెం ఇనుము కంటే ముందే కరిగి ఊడిపోతుంది. ఇక్కడ తిరకాసు, పొరే ఆఖరుకి కరుగుతుంది. ఇనుము కోసే వీల్ పెడితే మెత్తని లోహం దాంట్లో కూరుకుపోయి, వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. పెద్ద పళ్ళ జిగ్‌సా బ్లేడుకి మైనం రాసి నెమ్మదిగా కొయ్యి.

రాజాం నుంచి:
అందరికీ దండాలు. మాసిక రేకు ఇక్కడే కోసుకుని గురువారం విజయనగరం వస్తాను, అన్నా, ఉంటావా?

విజయనగరం, టిగ్ పని:
ఉంటాను. అడుగు మసి అంతా తోమించి తీసుకురా.