దానంగా వచ్చే చిత్రాలతో ఊరుమ్మడి కళాసేకరణ: ముందుగా తేల్చుకోవలసింది ఏమిటి?

ప్రశ్న

లాభాపేక్ష లేని ఒక చిన్న గ్రంథాలయ సంఘం తరఫున అడుగుతున్నాను. మా సభ్యులలో చిరకాలంగా చిత్రాలు సేకరించిన ఒకరు ఇటీవల కన్నుమూశారు. ప్రజలందరూ చూసేలా ఉంచుతామంటే ఆ చిత్రాలన్నింటినీ మాకు ఉచితంగా ఇస్తామని వారి కుటుంబం చెప్పింది. ఈ సంగతి తెలిసి చిత్రకారులు కొందరు తమ చిత్రాలూ ఇస్తామని ముందుకు వచ్చారు. మా దగ్గర ఉన్నవి ఒక పఠన మందిరం, ఒక సమావేశ మందిరం, తాళం వేసుకోగల ఒక చిన్న గది. ఇస్తామన్నవాటిలో నీటిరంగుల చిత్రాలు, ప్రింట్లు ఎక్కువ, తైలవర్ణ చిత్రాలు కొన్ని.

కుటుంబం రెండు షరతులు పెడుతోంది: ఏ చిత్రాన్నీ ఎన్నటికీ అమ్మకూడదు, అన్నీ ఎప్పటికీ ఒకేచోట ఉండాలి. మా కమిటీలో సగంమంది ముందు తీసుకుని నియమాలు తర్వాత రాసుకుందామంటున్నారు. మిగతా సగం సొంత భవనం వచ్చేదాకా ఆగుదామంటున్నారు. నాకు రెండూ సరిగా తోచడం లేదు. ఇటువంటి పని చేసినవారు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు 1

చాలాకాలం సేకరణల రిజిస్టరు నిర్వహించిన అనుభవంతో చెబుతున్నాను. భవనం సంగతి పక్కన పెట్టండి. ముందుగా రాసుకోవలసింది, ఏమి తీసుకుంటారన్నది కాదు, ఏమి తీసుకోరన్నది. ఉచితంగా వచ్చిన చిత్రానికి ఫ్రేము, చోటు, బీమా, ఏటా ఒకసారి తనిఖీ చేసే మనిషి కావాలి, ఇవేవీ ఉచితంగా రావు. ఒక పేజీ విధానపత్రం చాలు: ఎటువంటి చిత్రాలు మీ ఆశయానికి సరిపోతాయి, ఎవరు నిర్ణయిస్తారు, ఏ కారణాలతో కాదంటారు. అది ముందే ఉంటే, రేపు ఒక పెద్దమనిషి తన గోడలకు ఎక్కువైన బొమ్మలను మీకు అప్పగించబోయినప్పుడు ఆయన మనసు నొప్పించకుండా ఆ కాగితం చూపించి తప్పుకోవచ్చు.

షరతుల విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. అమెరికాలో ఆల్బర్ట్ బార్న్స్ అనే చిత్ర సేకర్త 1922లో ఒక ఫౌండేషన్ నెలకొల్పి, తన సేకరణలోని చిత్రాలను అమ్మకూడదు, అరువివ్వకూడదు, ఉన్నచోటు నుంచి కదపకూడదు అని కట్టుబాట్లు రాయించారు. ఆయన 1951లో మరణించారు. తర్వాతి దశాబ్దాలలో సంస్థ నిధులకు కటకటలాడింది. చివరకు ట్రస్టీలే కోర్టుకు వెళ్ళి 2004లో అనుమతి పొంది, 2012లో ఫిలడెల్ఫియా నగరంలోని కొత్త భవనానికి సేకరణను తరలించవలసి వచ్చింది. కొత్త గదులలోనూ చిత్రాల అమరికను ఆయన పెట్టినట్టే ఉంచారు కాని, ఆ వివాదం ఏళ్ళ తరబడి సాగింది. అంత పెద్ద సంస్థే మోయలేని షరతును మీ సంఘం తలకెత్తుకోవడం వివేకం కాదు.

అయితే కుటుంబం భయం అర్థం లేనిదేమీ కాదు. మసాచుసెట్స్‌లోని బర్క్‌షైర్ మ్యూజియం తన ఖర్చుల కోసం, చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ స్వయంగా బహూకరించిన చిత్రాలతో సహా కొన్నింటిని అమ్మజూపినప్పుడు ఆయన కుమారులు కోర్టుకెక్కారు, అయినా 2018లో అమ్మకానికి అనుమతి లభించింది. కాబట్టి ‘ఎన్నటికీ అమ్మం’ అనే మాటకు బదులు దానపత్రంలో ఇలా రాయమని నా సలహా: ఏ చిత్రాన్నయినా సేకరణ నుంచి తొలగించాలంటే కమిటీలో మూడింట రెండు వంతుల ఆమోదం ఉండాలి, ముందుగా దాత కుటుంబానికి తెలియజేయాలి, మరో ప్రజాసంస్థకు ఇవ్వడానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి, అమ్మక తప్పకపోతే ఆ సొమ్ము సేకరణకే ఖర్చు కావాలి, జీతాలకూ పైకప్పు మరమ్మతుకూ కాదు. అంతర్జాతీయ మ్యూజియంల మండలి నీతినియమావళి కూడా ఆ సొమ్ము సేకరణ మేలుకే వినియోగించాలంటుంది. సంఘం మూతపడితే చిత్రాలు ఎవరికి చెందాలో కూడా ఆ పత్రంలోనే రాయండి. ఎక్కువమంది మరచిపోయేది ఇదే. చట్టబద్ధమైన వారసులందరూ సంతకం చేస్తేనే చిత్రాలు తీసుకోండి, ఒకరి మాట మీద తీసుకోకండి.

జవాబు 2

పై సలహాతో ఏకీభవిస్తూనే, కాగితం మీది చిత్రాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకు వచ్చేవి ఎక్కువగా అవే. వెలుతురు వల్ల కలిగే నష్టం కూడుతూ పోతుంది, వెలిసిన రంగు తిరిగి రాదు. నీటిరంగులకూ ప్రింట్లకూ 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించని వెలుతురు, తైలవర్ణాలకు సుమారు 200 లక్స్ వరకు అన్నది మ్యూజియంలు సాధారణంగా పాటించే కొలత. 50 లక్స్ అంటే చదువుకోవడానికి సరిపోని వెలుగు. అందువల్ల పఠన మందిరంలో నీటిరంగుల చిత్రాలను శాశ్వతంగా వేలాడదీయడం కుదరదు. అక్కడ తైలవర్ణాలు ఉంచి, కాగితం చిత్రాలను సమావేశ మందిరంలో వంతులవారీగా కొద్ది నెలలు చూపించి, తర్వాత చీకటిలో విశ్రాంతినివ్వండి. అన్నీ ఎప్పుడూ ఒకేచోట ప్రదర్శనలో ఉండాలన్న షరతు చిత్రాలకే హాని చేస్తుందని కుటుంబానికి చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం అక్కరలేదు.

బయటి గోడలకు చెమ్మ దిగుతుంది కనుక లోపలి గోడలే వాడండి. ఫ్రేము అద్దం కాగితానికి తగలకూడదు, మధ్యలో ఆమ్లరహిత అట్టతో మౌంటు ఉండాలి. పాత ఫ్రేముల వెనక గోధుమరంగు అట్ట గాని చెక్కపలక గాని ఉంటే ముందు దాన్నే మార్పించండి. కాగితం అంచులు పసుపెక్కడానికి తరచుగా అదే కారణం. ఏసీ పగలు వేసి రాత్రి ఆపేసే గది కంటే, ఏసీ లేకపోయినా తేమ పెద్దగా మారని గదే నయం.

ప్రతి చిత్రాన్నీ వచ్చిన రోజే ముందూ వెనకా ఫోటో తీసి, ఉన్న మరకలూ చిరుగులూ రాసుకుని, ఒక సంఖ్య ఇవ్వండి. వచ్చిన సంవత్సరం, ఆ ఏడాదిలో ఎన్నో దానం, అందులో ఎన్నో వస్తువు అనే క్రమంలో 2025.3.12 లాంటి సంఖ్య ఎంత పెద్ద సేకరణకైనా సరిపోతుంది. కాగితం వెనక మూలలో మెత్తని పెన్సిల్‌తో రాయాలి, పెన్నుతో కాదు. వెనక ఉన్న పాత చీటీలనూ దుకాణం ముద్రలనూ పీకేయకండి, చిత్రం ఎవరి చేతులు మారి వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

జవాబు 3

ఇద్దరూ చెప్పింది సరైనదే గాని, వింటుంటే కమిటీలోని ‘ఆగుదాం’ పక్షానికి బలం చేకూరుతుందేమోనని సందేహం కలుగుతోంది. ఊరుమ్మడి సేకరణకు సొంత గోడలు ఉండి తీరాలనే నియమం లేదు. బ్రిటన్‌లో ‘పెయింటింగ్స్ ఇన్ హాస్పిటల్స్’ అనే ధర్మసంస్థ 1959 నుంచి ఆసుపత్రులకు చిత్రాలను అరువిస్తూ వస్తోంది. అమెరికాలోని ఓబర్లిన్ కళాశాల 1940 నుంచి విద్యార్థులకు నామమాత్రపు రుసుముకు అసలు కళాఖండాలనే గదులకు తీసుకువెళ్ళనిస్తోంది. గ్రంథాలయ సంఘానికి పుస్తకం ఇచ్చి పుచ్చుకునే పద్ధతి కొత్త కాదు కదా. గట్టి ఫ్రేములున్న ప్రింట్లతో మొదలుపెట్టి, బడులకూ వైద్యశాలలకూ నిర్ణీత గడువుకు రసీదు మీద ఇవ్వండి, ఇచ్చేటప్పుడూ తిరిగి వచ్చినప్పుడూ స్థితిని నమోదు చేయండి. విలువైనవీ సున్నితమైనవీ మాత్రం గడప దాటించకండి.

ఒకేచోట ఉండాలన్న షరతుకు మరో సమాధానం అమెరికాకు చెందిన వోగెల్ దంపతుల ఉదాహరణ. తపాలాశాఖ ఉద్యోగి హెర్బ్, లైబ్రేరియన్ డొరొతీ తమ జీతాలతో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో వేల చిత్రాలు సేకరించారు. 1992లో సేకరణను వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి ఇచ్చే ఏర్పాటు చేసి, 2008లో 50 రాష్ట్రాలలో ఒక్కొక్క సంస్థకు 50 చొప్పున 2,500 కళాఖండాలు పంచే పథకం ప్రకటించారు. ఎక్కడికి వెళ్ళినా అవి వారి పేరుతోనే ఉన్నాయి. కుటుంబం నిజంగా కోరుకునేది ఆ పేరు నిలవడమే అయితే, ప్రతి చిత్రం పక్కన దాత పేరుతో చీటీ, మొత్తం సేకరణకు ఒక జాబితా పుస్తకం ఇస్తామని చెప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. షరతుల గురించి కుటుంబంతో మాట్లాడే దారి దొరికింది. ఒక్కటి మిగిలింది: చిత్రకారులు స్వయంగా ఇచ్చే చిత్రాలను మేము పోస్టుకార్డులుగా అచ్చువేసి, ఆ ఆదాయాన్ని సంరక్షణకు వాడుకోవచ్చునా?

జవాబు 1

చిత్రం చేతికొచ్చినంత మాత్రాన కాపీరైటు రాదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అది చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, ఆయన తర్వాత వారసులకు చెందుతుంది. చాలా దేశాలలో అది మరణానంతరం 50 నుంచి 70 ఏళ్ళ దాకా నిలుస్తుంది. మీరు బదిలీ అడగవద్దు, అడిగితే మంచి చిత్రకారులు వెనక్కి తగ్గుతారు. జాబితాకూ వెబ్‌సైటుకూ పోస్టుకార్డులకూ ఉచిత అనుమతి, వాటి మీద ఆయన పేరు తప్పనిసరి, మరే వ్యాపార వినియోగానికైనా విడిగా ఒప్పందం అని దానపత్రంలో మూడు వాక్యాలు చేర్చితే సరిపోతుంది. కుటుంబం ఇచ్చే చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది: వారు సొంతదారులే గాని, కాపీరైటు వారిది కాదు, కనుక వాటి కార్డులకు ఆయా చిత్రకారులనో వారి వారసులనో అడగవలసిందే.