సి.ఎస్. లూయిస్ తొలి కవితల్ని చివరి నవలతో కలిపి చదవొచ్చా?

నమస్కారమండీ. ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆయన పిల్లల కథలైన నార్నియా జోలికి పోవడం లేదు, దాని మీద ఇప్పటికే కుప్పలుగా రాశారు. 1919లో క్లైవ్ హామిల్టన్ అనే మారుపేరుతో వేసిన ‘స్పిరిట్స్ ఇన్ బాండేజ్’ కవితలకీ, 1956 నాటి ‘టిల్ వీ హ్యావ్ ఫేసెస్’ నవలకీ ఉన్న సంబంధం నా అంశం. మొదటిది యుద్ధం చూసొచ్చిన నాస్తిక కుర్రాడి కోపం. నవలలో కథ చెప్పే ఓరువల్ దేవతల మీద ఏకంగా ఫిర్యాదు పుస్తకమే రాస్తుంది. 1931లో క్రైస్తవులయ్యాక, పాతికేళ్లకి కూడా ఆ కోపానికి అంత బలమైన గొంతు ఇచ్చారంటే, నాకైతే ఆయన రచనల్లో అదే గొప్ప సంగతి. పైగా ఈ నవలకి ఆధారమైన సైకీ పురాణ కథని 1920ల్లోనే పద్యంగా రాయబోయి వదిలేశారు.

మా గైడ్ మాత్రం కవిత్వం పక్కన పెట్టి, ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్’ లాంటి ఆయన క్రైస్తవ వాదనల పుస్తకాలతోనే నవలని చదవమంటున్నారు. సినాప్సిస్ ఇవ్వాల్సిన టైం దగ్గరపడి టెన్షన్‌గా ఉంది.

ఆ తొలి కవితల్ని సీరియస్‌గా పట్టించుకున్న విమర్శకులెవరు? 1926 నాటి ఆయన కథాకావ్యం ‘డైమర్’ కూడా కలపాలా, లేక అంశం మరీ పెద్దదైపోతుందా? లూయిస్ రాతప్రతులు దాచిన, అమెరికాలోని వీటన్ కాలేజీ వేడ్ సెంటర్‌ నుంచి ఎవరైనా స్కాన్ కాపీలు తెప్పించుకున్నారా? అక్కడిదాకా వెళ్లే స్తోమత నాకు లేదు.